చేయి వణకకముందే మెదడు స్కాన్ ఏం చెప్పగలదు: పార్కిన్సన్స్‌పై ఒక ఇంటి మూడు ప్రశ్నలు

ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు బట్టల అంగడి నడిపి, ఇప్పుడు దాన్ని కొడుకుకు అప్పగించి ఇంటిపట్టున ఉంటున్న 62 ఏళ్ల పెద్దాయన ఒకరున్నారనుకుందాం. ఆయన అన్నకు పదేళ్ల కిందట పార్కిన్సన్స్ వచ్చింది. అన్నం ముద్దను నోటిదాకా చేర్చడానికి ఆ అన్న పడే అవస్థను ఇంటిల్లిపాదీ చూస్తూనే ఉన్నారు. తమ్ముడైన ఈ పెద్దాయనకు మాత్రం చేయి వణకదు, నడకలో తేడా లేదు. అయితే కొన్నేళ్లుగా ఆయన నిద్రలో కేకలు వేస్తున్నారని, కలలో ఎవరినో తరిమినట్టు చేతులూ కాళ్లూ విసురుతున్నారని, రెండుసార్లు మంచం మీది నుంచి కింద పడ్డారని భార్య చెబుతున్నారు. వంటింట్లో ఇంగువ పోపు పెట్టినా వాసన తెలియడం లేదని ఆయనే ఒప్పుకుంటున్నారు.

ఆయన బావమరిది అనంతపురంలో ఉంటారు. నాలుగు నెలలుగా ఆయనకు రెండు చేతులూ వణుకుతున్నాయి, ముఖంలో కదలిక తగ్గింది. ఏడాదిగా గ్యాస్ ఇబ్బందికి ఒక బిళ్ల మానకుండా వేసుకుంటున్నారు. ఇక పెద్దాయన కొడుకుకు 35 ఏళ్లు, ఏ ఇబ్బందీ లేదు. కానీ పెదనాయన పరిస్థితి చూసి బెదిరి, లక్షణాలు రాకముందే మెదడు స్కాన్‌తో పార్కిన్సన్స్‌ను కనిపెట్టవచ్చన్న వార్తలను ఫోనులో చదివి, ముగ్గురం బెంగళూరు వెళ్లి స్కాన్ తీయించుకుని వద్దామని పట్టుబడుతున్నాడు.

ఈ కుటుంబం కల్పితమే గాని, వీళ్లు అడిగే ప్రశ్నలు కల్పితం కావు. ముగ్గురూ ఒకే యంత్రం కింద పడుకున్నా, ఆ యంత్రం ఇచ్చే బొమ్మకు ముగ్గురి విషయంలో ఒకే విలువ ఉండదు. వార్తల్లో తరచుగా జారిపోతున్నది ఈ ముక్కే.

వణుకు మొదలయ్యేనాటికి జరిగిపోయే నష్టం

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగులను ఆధారంగా చేసుకుని ఈ వ్యాధిని వర్ణించారు. మన ఆయుర్వేదంలో కంపవాతం పేరుతో చెప్పే లక్షణాలు దీనికి దగ్గరగా ఉంటాయి. చేల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో, ఈనాటికీ ఈ వ్యాధికి ప్రధానమైన మందుగా ఉన్న లెవోడోపా సహజంగానే ఉంటుంది. కంపవాతమన్న పేరులో వణుకు ఉన్నా, వ్యాధిని నిర్ధారించడానికి వైద్యులు ముందుగా చూసేది కదలికలోని మందకొడితనాన్ని. బొటనవేలిని చూపుడువేలితో గబగబా తట్టమన్నప్పుడు క్రమంగా వేగమూ విస్తారమూ తగ్గిపోవడం, బుడ్డలు ఒలిచే చేతుల్లో ఒకటి వెనకబడిపోవడం, చేతిరాత చిన్నదైపోవడం అందులోనివే.

మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న ప్రాంతం ఉంది. ఆ మాటకు నల్లని పదార్థమని అర్థం. అక్కడి నాడీకణాల్లో పేరుకునే న్యూరోమెలనిన్ అనే రంగు వల్ల ఆ పేరు వచ్చింది. ఈ కణాల నుంచి సన్నని తీగలు మెదడు లోతుల్లోని స్ట్రయేటమ్ అనే భాగానికి వెళ్లి, అక్కడ లెక్కలేనన్ని చివర్లుగా చీలి డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. కదలికలు సాఫీగా సాగడానికి అది కావాలి. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నశిస్తాయి. వాటిలో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ తప్పుగా మడతపడి ముద్దలుగా పేరుకుంటుంది. ఫ్రిడ్రిక్ లెవీ 1912లో వర్ణించిన ఈ ముద్దల్లో ఉన్నది ఆ ప్రొటీనేనని తెలిసింది 1997లో.

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే కేసీ కాలువను తలచుకుంటే తర్వాతి సంగతి తేలిగ్గా బోధపడుతుంది. నీళ్లు చాలని ఏడు ఆనకట్ట దగ్గర నిలబడి చూసేవాడికి లోటు వెంటనే తెలియదు, చివరి ఆయకట్టులో ఎండే మడులే ముందుగా చెబుతాయి. పార్కిన్సన్స్‌లోనూ కణం తల కంటే ముందు స్ట్రయేటమ్‌లోని తీగల చివర్లే దెబ్బతింటాయని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. మిగిలిన చివర్లు డోపమైన్‌ను ఎక్కువగా తయారుచేసి, ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుని చాలాకాలం లోటును కప్పిపుచ్చుతాయి. అందుకే మందకొడితనం వైద్యుడి కంటికి ఆనేసరికి ఆ చివర్లలో దాదాపు సగమో అంతకంటే ఎక్కువో పోయి ఉంటాయి. ముందే కనిపెట్టడమనే ఆశకు ఆధారం ఈ మరుగున జరిగే కాలమే; అది కొందరిలో పదేళ్లకు మించి కూడా ఉండవచ్చు.

స్కాన్ అన్న ఒక్క మాట వెనక ఉన్న వేర్వేరు పరీక్షలు

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో మెదడు స్కాన్ అనగానే జనానికి గుర్తొచ్చేవి సీటీ, ఎంఆర్‌ఐ. ఇవి మెదడు ఆకారాన్ని చూపిస్తాయి. పార్కిన్సన్స్ తొలిదశలో మామూలు ఎంఆర్‌ఐ నార్మల్‌గానే వస్తుంది. గడ్డ, పక్షవాతపు మచ్చ, మెదడులో నీరు చేరడం లాంటి వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికే దాన్ని ఎక్కువగా తీయిస్తారు. రిపోర్టులో నార్మల్ అని ఉంది కాబట్టి పార్కిన్సన్స్ లేదని ఇంటికి వెళ్లినవారు, రెండేళ్ల తర్వాత అదే రోగంతో తిరిగి రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఎంఆర్‌ఐలోనే కొన్ని ప్రత్యేక పద్ధతులున్నాయి. ఆరోగ్యవంతుల్లో సబ్‌స్టాన్షియా నైగ్రాలోని ఒక చిన్న భాగం, శక్తిమంతమైన యంత్రంలో, తోక చీలిన పిట్టలా కనిపిస్తుంది. మన చేలల్లో కరెంటు తీగ మీద వాలే ఏట్రింత తోకను ఊహించుకోవచ్చు. పార్కిన్సన్స్‌లో ఆ చీలిక కనిపించకుండా పోతుంది. న్యూరోమెలనిన్ ఎంత మిగిలి ఉందో చూపే పద్ధతి మరొకటి. రెండిటికీ రేడియేషన్ అవసరం లేదు, కానీ బొమ్మ నాణ్యత యంత్రాన్ని బట్టీ, చదివే రేడియాలజిస్టు అనుభవాన్ని బట్టీ మారుతుంది.

మూడో వర్గం పరీక్షలు ఆకారాన్ని వదిలి పనిని చూస్తాయి. రేడియోధార్మిక అణువును తగిలించిన మందును అతి కొద్ది మోతాదులో రక్తనాళంలోకి ఎక్కించి, అది మెదడులో ఎక్కడ చేరిందో కెమెరాతో లెక్కగట్టడం వీటి పద్ధతి. డోపమైన్‌ను తిరిగి కణంలోకి లాగే చిన్న పంపుల్లాంటి ట్రాన్స్‌పోర్టర్లు తీగల చివర్ల మీద ఉంటాయి. వాటికి అతుక్కునే మందు వాడితే డాట్ స్కాన్. డోపమైన్ తయారీకి వాడే ముడిసరుకు లాంటి మందును ఎక్కించి, చివర్లు దాన్ని ఎంత గుంజుకున్నాయో చూస్తే ఎఫ్-డోపా పెట్ స్కాన్. ఆరోగ్యవంతుడి డాట్ బొమ్మలో రెండు పక్కలా రెండు కామాలు వెలుగుతాయి. వ్యాధి ముదిరేకొద్దీ కామా తోక మాసిపోయి ఫుల్‌స్టాప్ లాంటి చుక్క మిగులుతుంది. సాధారణంగా ఒక పక్క తోక ముందు పోతుంది, దానికి ఎదుటి పక్క చేతిలో లక్షణం ముందు కనిపిస్తుంది.

ఈ రెండు స్కాన్లూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టు కనిపించినా తొలిదశలో వాటి మధ్య తేడా వస్తుంది. లోటును కప్పిపుచ్చడానికి మిగిలిన చివర్లు తయారీని పెంచుతాయని చెప్పుకున్నాం కదా. తయారీని కొలిచే ఎఫ్-డోపా స్కాన్‌లో అందువల్ల నష్టం ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. మరోవైపు, విడుదలైన డోపమైన్ త్వరగా వెనక్కి పోకుండా ఆ చివర్లు తమ మీది పంపులను తగ్గించుకుంటాయి గనుక, పంపులను లెక్కించే డాట్ స్కాన్‌లో నష్టం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. లక్షణాలు ముదిరాక ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు, లక్షణాలకు ముందు వెతికేటప్పుడు మాత్రం ఇదే కీలకం.

అనంతపురం చేరేసరికి 22 పాళ్లు

ఈ స్కాన్లు పెద్ద నగరాల్లోనే ఎందుకు జరుగుతాయన్నదానికి డబ్బొక్కటే కారణం కాదు, భౌతికశాస్త్రం కూడా కారణమే. ఎఫ్-డోపాలోని ఫ్లోరిన్-18ను సైక్లోట్రాన్ అనే భారీ యంత్రంలో తయారుచేస్తారు. దాని అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. అంటే అంతసేపటికొకసారి ఉన్నదాంట్లో సగం తగ్గిపోతుంది. బెంగళూరులో 100 పాళ్ల సరుకును వాహనంలోకి ఎక్కించి, నాలుగు గంటలకు అనంతపురం చేర్చామనుకుంటే, దిగేసరికి మిగిలేది సుమారు 22 పాళ్లు. కేన్సర్‌కు వాడే సాధారణ పెట్ మందును ఎక్కువ మొత్తంలో తయారుచేసి ఇలాగే దూరాలకు పంపుతుంటారు. ఎఫ్-డోపా తయారీలో దిగుబడి తక్కువ కాబట్టి ఆ ఉపాయం అంతగా పనిచేయదు.

అమెరికా 2011లో, ఐరోపా అంతకు ముందే 2000లో అనుమతించిన డాట్ మందులో అయోడిన్-123 ఉంటుంది. దానికీ సైక్లోట్రానే కావాలి. మన దేశంలో ట్రోడాట్ అనే మరో మందు వాడుకలో ఉంది. ఇందులో ఉండే టెక్నీషియం-99ఎం అర్ధాయువు ఆరు గంటలు. అంతకంటే ముఖ్యంగా, దీన్ని ఆసుపత్రిలోనే ఒక జనరేటర్ నుంచి తీసుకోవచ్చు. లోపల ఉన్న మాలిబ్డినం-99 దాదాపు మూడు రోజుల అర్ధాయువుతో నెమ్మదిగా కరుగుతూ టెక్నీషియంను ఇస్తూనే ఉంటుంది, సిబ్బంది అవసరమైనప్పుడల్లా ఆవు పాలు పిండినట్టు పిండుకుంటారు. ఎముకలకూ థైరాయిడ్‌కూ స్కాన్ తీసే న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో ఇది మామూలు వస్తువే. ట్రోడాట్ బొమ్మ పెట్ బొమ్మ అంత తేటగా ఉండదు గాని, దూరపు ఊళ్లకు ఈ పరీక్ష ఎప్పటికైనా చేరువవుతుందంటే ఈ దారినే చేరువవుతుందని అనిపిస్తుంది.

బావమరిది ప్రశ్న: వణుకు దేనివల్ల?

ముగ్గురిలో స్కాన్ సూటిగా ఉపయోగపడేది, లక్షణాలున్న ఈయన విషయంలోనే. గ్యాస్, కడుపు ఉబ్బరం కోసం మన మందుల షాపుల్లో అమ్ముడయ్యే కొన్ని మిశ్రమ బిళ్లల్లో లెవోసల్పిరైడ్ అనే మందు ఉంటుంది. అది డోపమైన్ గ్రాహకాలను మూసేస్తుంది. కళ్లు తిరగడానికి వాడే సిన్నరిజైన్, ఫ్లునరిజైన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు కూడా ఇలాంటి పని చేయగలవు. వీటిని నెలల తరబడి వాడినవారిలో కొందరికి అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే వస్తాయి, చాలామందిలో మందు ఆపిన కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతాయి.

మందు మూసేది డోపమైన్‌ను అందుకునే వైపును. పంపే వైపున తీగల చివర్లు పాడుకావు, కాబట్టి ఇలాంటివారి డాట్ స్కాన్ నార్మల్‌గా, రెండు కామాలతో వస్తుంది. కుటుంబాల్లో నడిచే ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకులోనూ అంతే. అమెరికాలో డాట్ స్కాన్‌కు మొదట అనుమతి ఇచ్చింది ఆ వణుకును పార్కిన్సన్స్ తరహా జబ్బుల నుంచి విడదీయడానికే తప్ప ఆరోగ్యవంతుల్లో ముందే వెతకడానికి కాదు.

ఇక్కడొక మెలిక ఉంది. మందు వల్ల వణుకు వచ్చిన కొందరిలో స్కాన్ దెబ్బతిన్నట్టు వస్తుంది. అప్పటికే లోలోపల మొదలైన పార్కిన్సన్స్‌ను ఆ మందు ముందుగా బయటపెట్టిందన్న మాట. బావమరిది స్కాన్ అలా వస్తే, ఆయన విషయంలో స్కాన్ అనుకోకుండా ముందస్తు పరీక్షగా మారినట్టే. అలాగని స్కాన్ వ్యాధి పేరు చెప్పేస్తుందని కాదు. మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ అనే, ఇంకా వేగంగా ముదిరే జబ్బుల్లోనూ ఆ కామాలు చెరిగిపోతాయి. వాటిని విడదీసే పని డాట్ స్కాన్‌కు చేతకాదు.

కొడుకు ప్రశ్న: ఏ లక్షణమూ లేనివాడికి తీస్తే?

పరీక్ష ఎంత మంచిదైనా, దాన్ని ఎవరికి చేస్తున్నామన్నదాన్ని బట్టి ఫలితం అర్థం మారిపోతుంది. ఒక లెక్క వేద్దాం. అంకెలు సౌలభ్యం కోసం అనుకున్నవి. వ్యాధి మరుగున సాగుతున్నవారిలో నూటికి 90 మందిని పట్టుకునే, వ్యాధి లేనివారిలో నూటికి 95 మందిని సరిగ్గా వదిలేసే స్కాన్ మన దగ్గర ఉందనుకుందాం. అరవై దాటిన 10,000 మందిని, అందులో 100 మందికి వ్యాధి మరుగున ఉందనుకుని, వరుసగా పరీక్షిస్తే, ఆ 100 మందిలో 90 మంది దొరుకుతారు. కానీ వ్యాధి లేని 9,900 మందిలో నూటికి ఐదుగురి చొప్పున 495 మందికి కూడా తేడా ఉందన్న రిపోర్టు చేతికొస్తుంది. మొత్తం 585 చెడ్డ రిపోర్టుల్లో నిజమైనవి 90, అంటే ఆరింటికి ఒకటి కూడా పూర్తిగా లేదు.

ముప్పై ఐదేళ్ల వయసులో ఈ వ్యాధి మరుగున ఉండే అవకాశం ఇంకా చాలా తక్కువ. 10,000 మందిలో పదిమందికే ఉందనుకుంటే, దొరికే నిజమైనవారు తొమ్మిదిమంది, ఊరికే బెదిరేవారు సుమారు 500 మంది. కొడుకు రిపోర్టులో తేడా వచ్చినా, అది నిజమయ్యే అవకాశం నూటికి రెండు దాటదు. నార్మల్ వచ్చినా దాని వల్ల ఒరిగేది తక్కువే, ఎందుకంటే ఆ వయసులో నార్మల్‌గా ఉండటం ముందే అనుకున్న సంగతి, ఇరవై ఏళ్ల తర్వాతి సంగతిని ఆ బొమ్మ చెప్పలేదు. పైగా ఒకసారి స్కాన్ తీస్తే మనిషికి సహజంగా ఏడాది రెండేళ్లలో అందేపాటి రేడియేషన్ అందుతుంది.

పెదనాయనకు ఉంది కాబట్టి తనకూ వస్తుందన్న అతని భయం సంగతేమిటి? దగ్గరి రక్తసంబంధికుల్లో వ్యాధి ఉంటే ముప్పు కొంత పెరుగుతుంది గాని, ఎక్కువమంది రోగుల్లో ఒకే జన్యువు కారణంగా కనిపించదు. ఐరోపా, యూదు, ఉత్తర ఆఫ్రికా జనాభాల్లో ఎల్ఆర్ఆర్‌కే2 అనే జన్యువులోని ఒక మార్పు గురించి ఎక్కువగా చెబుతారు. భారతీయుల్లో ఆ మార్పు చాలా అరుదు.

జనాభా మొత్తాన్ని జల్లెడ పట్టడానికి స్కాన్ కాకుండా చౌకగా, తేలికగా ఉండే పరీక్షలు వెతకడం అందుకే మొదలైంది. లండన్ పరిశోధకులు 2023లో, కంటి వెనకపొరకు తీసే ఓసీటీ స్కాన్లలో, వ్యాధి నిర్ధారణకు సగటున ఏడేళ్ల ముందే కొన్ని పొరలు పలచబడటాన్ని గుర్తించారు. ఓసీటీ యంత్రం చిన్న పట్టణాల కంటి ఆసుపత్రుల్లోనూ ఉంటుంది కాబట్టి ఆ వార్త ఆశ కలిగించింది. కానీ అది వేలమంది సగటుల్లో కనిపించే తేడా. ఒక మనిషి కన్ను చూసి ఇతనికి వస్తుందని చెప్పే స్థితి ఇంకా లేదు. షుగరు వల్ల కూడా ఆ పొరలు మారుతుంటాయి.

పెద్దాయన ప్రశ్న: నిద్రలో తన్నడం, వాసన తెలియకపోవడం

కలలు వచ్చే నిద్రలో మనిషి ఒళ్లు కదలకుండా మెదడుకాండం ఒక తాళం వేసి ఉంచుతుంది. ఆ తాళం సడలినవారు కలలో చేసే పనిని మంచం మీద చేసేస్తారు. ఆర్‌ఈఎం నిద్ర ప్రవర్తన రుగ్మత అనే ఈ స్థితిని, రాత్రంతా తీగలు తగిలించి చేసే నిద్ర పరీక్షతో నిర్ధారిస్తారు. మన ఇళ్లలో దీన్ని గాలి సోకిందనో, పగటి చింత రాత్రి బయటపడిందనో తోసేస్తుంటారు, పక్కన పడుకున్నవారు చెబితే తప్ప మనిషికి తెలియదు కూడా. పెద్దాయన విషయంలో మొదటి ఆధారం యంత్రం నుంచి కాకుండా భార్య నోటి నుంచి వచ్చింది.

ఇలా నిర్ధారణ అయిన 1,280 మందిని 24 కేంద్రాల్లో గమనించిన అధ్యయనం 2019లో వెలువడింది. ఏడాదికి సుమారు 6.3 శాతం చొప్పున వారిలో పార్కిన్సన్స్ గాని, దాని తోబుట్టువుల్లాంటి మతిమరుపు జబ్బులు గాని బయటపడ్డాయి. 12 ఏళ్లయ్యేసరికి ఆ వాటా 73.5 శాతానికి చేరుతుందని లెక్కగట్టారు. ఇంత బలమైన ముందస్తు సూచన ఈ వ్యాధిలో మరొకటి లేదు.

ఇప్పుడు పాత లెక్కను ఇలాంటి 100 మందికి వేసి చూద్దాం. వారిలో 40 మందిలో వ్యాధి డోపమైన్ చివర్ల దాకా వచ్చేసిందనుకుంటే, అదే స్కాన్ 36 మందిని పట్టుకుంటుంది, మిగతా 60 మందిలో ముగ్గురిని అనవసరంగా బెదిరిస్తుంది. 39 చెడ్డ రిపోర్టుల్లో 36 నిజమైనవి. స్కాన్ మారలేదు, దాని కింద పడుకున్నవారు మారారు.

వాసన విషయంలో ఇలాంటి లెక్కను ఊహతో కాకుండా నిజంగానే చేసి చూశారు. అమెరికాలో పార్స్ అనే అధ్యయనంలో, వాసన శక్తి తగ్గి వేరే లక్షణం లేనివారికి డాట్ స్కాన్ తీసి, నాలుగేళ్లు కనిపెట్టుకుని ఉండి 2017లో ఫలితాలు ప్రకటించారు. స్కాన్‌లో స్పష్టమైన లోటు ఉన్న 21 మందిలో 14 మందికి పార్కిన్సన్స్ వచ్చింది. స్కాన్ నార్మల్‌గా ఉన్న 109 మందిలో ముగ్గురికి వచ్చింది. అయితే వాసన పరీక్షలకు పాశ్చాత్య దేశాల్లో వాడే పుస్తకాల్లోని కొన్ని వాసనలు మన పల్లెల్లో ఎవరూ ఎరగనివి. ఉల్లికారం వాసనను చటుక్కున పట్టేవారు కూడా వాటి దగ్గర తప్పవచ్చు. ముక్కుదిబ్బడ, కోవిడ్, పొగాకు లాంటివాటి వల్ల కూడా వాసన పోతుంది కాబట్టి, దీన్ని ఒంటరిగా తీసుకుని ఎవరూ నిర్ణయానికి రారు.

మెదడును చూడటం ఆలస్యమైతే?

జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం 2003లో, ఆల్ఫా సిన్యూక్లిన్ ముద్దలు మొదట మెదడుకాండం కింది భాగంలోనూ వాసన గ్రహించే భాగంలోనూ కనిపించి, తర్వాతే సబ్‌స్టాన్షియా నైగ్రాకు పాకుతాయని ప్రతిపాదించింది. డెన్మార్క్‌లోని పెర్ బోర్గ్‌హామర్ బృందం దాన్ని ఇంకొంచెం విడగొట్టింది. వారి ప్రకారం కొందరిలో వ్యాధి పేగుల నరాల్లో మొదలై గుండె నరాలను తాకి పైకి వస్తుంది. నిద్రలో తన్నే లక్షణం ముందుగా కనిపించేది వీరిలోనే. మరికొందరిలో మెదడులోనే మొదలై కిందికి దిగుతుంది.

ఈ వాదన నిజమైతే పెద్దాయన లాంటివారిలో మెదడు డాట్ స్కాన్ ఇంకా నార్మల్‌గా ఉన్నప్పుడే గుండె నరాల స్కాన్ తేడా చూపవచ్చు. ఎంఐబీజీ అనే ఆ స్కాన్‌ను జపాన్‌లో చాలాకాలంగా వాడుతున్నారు, నిద్ర రుగ్మత ఉన్నవారి మీద చేసిన అధ్యయనాల్లో ఈ క్రమమే కనిపించింది. కానీ షుగరు వల్ల దెబ్బతిన్న నరాలు, గుండె జబ్బులు, కొన్ని మందులు కూడా ఈ స్కాన్‌లో అలాంటి బొమ్మనే ఇస్తాయి. అరవై దాటినవారిలో షుగరు ఇంత మామూలైన మన ప్రాంతంలో ఇది చిన్న అడ్డంకి కాదు. రెండు దారుల సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు కూడా; మరణానంతర పరీక్షల్లో కొన్ని మెదళ్లు ఈ రెండిట్లో ఏ వరుసలోనూ ఇమడలేదు.

అసలు ముద్దలను నేరుగా చూపే స్కాన్ ఉంటే ఈ చిక్కులు చాలావరకు తీరతాయి. అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్‌కు అలాంటి పెట్ మందులున్నాయి. ఆల్ఫా సిన్యూక్లిన్‌కు నమ్మదగినది ఇంకా వాడుకలోకి రాలేదు, ఎందుకంటే ఈ ముద్దలు పరిమాణంలో తక్కువగా, కణాల లోపల ఉంటాయి. స్కాన్ చేయలేని ఆ పనిని ప్రస్తుతం వెన్నునీటి పరీక్ష చేస్తోంది. తప్పుగా మడతపడిన ప్రొటీన్ రవ్వంత ఉన్నా, అది పక్కనున్న మంచి ప్రొటీన్‌ను తనలా మార్చుకుంటూ పోయే గుణాన్ని వాడుకుని దాన్ని బయటపెడతారు. పాలలో తోడు వేసి పెరుగయ్యేదాకా చూడటం లాంటిది. 1,123 మందిపై చేసి 2023లో ప్రకటించిన ఫలితాల్లో ఈ పరీక్ష రోగుల్లో 87.7 శాతం మందిని గుర్తించింది, ఆరోగ్యవంతుల్లో 96.3 శాతం మందిని సరిగ్గా వదిలేసింది.

లక్షణాలు లేనివారిని రోగులనవచ్చా

ఈ ఊపుతో 2024 జనవరిలో రెండు అంతర్జాతీయ బృందాలు, పార్కిన్సన్స్‌ను లక్షణాలతో కాకుండా శరీరంలోని జీవసంబంధమైన ఆధారాలతో నిర్వచించాలని వేర్వేరుగా ప్రతిపాదించాయి. వాటిలో ఒకదాని ప్రకారం, వెన్నునీటిలో ఆ ప్రొటీన్, డాట్ స్కాన్‌లో లోటు ఉంటే, చేయి వణకకపోయినా ఆ మనిషి వ్యాధి దశల్లో ఒక మెట్టు మీద ఉన్నట్టే. మందుల ప్రయోగాలకు తొలిదశ మనుషులు కావాలి, నశించిన కణాలను బతికించలేం గనుక ఇన్నాళ్లూ ప్రయోగాలు విఫలమయ్యాయేమో అన్నది వీరి వాదన. అభ్యంతరం చెప్పేవారు వృద్ధుల మెదళ్లను గుర్తుచేస్తారు: జీవితాంతం ఏ లక్షణమూ లేకుండా వేరే కారణంతో పోయినవారిలోనూ ఈ ముద్దలు కనిపిస్తుంటాయి. వారిని రోగులనడం ఎలా? ప్రతిపాదించినవారు కూడా ఇది పరిశోధనకే గాని ఆసుపత్రి ఓపీకి కాదని రాశారు. ఆ వాక్యం వార్తల దాకా వచ్చేసరికి ఎక్కడో రాలిపోయింది.

తెలుసుకుని చేయగలిగిందేమిటన్న ప్రశ్న దగ్గర ఇరువైపులా బరువైన మాటలున్నాయి. వ్యాధి పురోగతిని ఆపుతుందని రుజువైన మందు ఇప్పటివరకు ఒక్కటీ లేదు. షుగరు మందుల జాతికి చెందిన లిక్సిసెనటైడ్ 2024లో ఒక చిన్న ప్రయోగంలో కొద్దిపాటి మేలు చూపింది. అదే జాతికి చెందిన ఎక్సెనటైడ్ 2025లో ఫలితాలు వెలువడిన మూడో దశ ప్రయోగంలో ఏ తేడా చూపలేదు. అలాంటప్పుడు పదేళ్ల ముందుగా భయాన్ని చేతిలో పెట్టడం న్యాయమా అని ఒక పక్షం అడుగుతుంది. మంచం నుంచి పడి తల పగలకుండా చూసుకోవడానికి, డోపమైన్‌ను మూసే గ్యాస్ బిళ్లల జోలికి పోకుండా ఉండటానికి, అంగడి లెక్కలూ ఆస్తి పత్రాలూ సరిచేసుకోవడానికి ముందే తెలియడం అక్కరకొస్తుందని రెండో పక్షం అంటుంది. నా మొగ్గు రెండో పక్షం వైపే, అదీ మనిషి తానే తెలుసుకోవాలని అడిగినప్పుడు. కొడుకు తొందరపెట్టినప్పుడు కాదు. పైగా ఆ పక్షం చెప్పే పనుల్లో చాలావాటికి నిద్ర పరీక్ష ఫలితం చాలు, డాట్ స్కాన్ దాకా పోనక్కరలేదు.

ఆ పెద్దాయన అన్నీ విని, స్కాన్ తీయించుకోవడానికే నిశ్చయించుకున్నారనుకుందాం. రిపోర్టులో రెండు కామాలూ ఉన్నాయి, ఎడమ కామా తోక కొద్దిగా సన్నబడింది. లోటు ఉందనీ చెప్పలేం, నార్మల్ అనీ చెప్పలేం. పార్స్ అధ్యయనంలో ఇలా మధ్యస్థంగా తేలినవారు 22 మంది. వారిలో నాలుగేళ్లలో పార్కిన్సన్స్ వచ్చింది ఇద్దరికి. పెద్దాయనకు నిద్ర రుగ్మత కూడా ఉంది కాబట్టి ఆయన లెక్క ఆ 22 మంది లెక్కకంటే కొంత బరువుగానే ఉంటుంది. ఇలాంటి రిపోర్టు వచ్చినప్పుడు నిపుణులు వ్యాధి పేరు రాయరు. ఏడాదికొకసారి వేళ్ల కదలికనూ నడకనూ జ్ఞాపకశక్తినీ పరీక్షించి, అవసరమైతే రెండు మూడేళ్లకు మళ్లీ స్కాన్ తీసి, ఆ ఎడమ తోక నిలిచిందో ఇంకా సన్నబడిందో పోల్చి చూస్తారు.